నర్సింగ్‌లో చేరిన మన పిల్లలు అనాటమీలో ఎందుకు తప్పుతున్నారు?

ఇది కొంచెం పెద్ద పోస్టు. ఇంట్లో నర్సింగో, ఫార్మసీయో, ల్యాబ్ కోర్సో చదివే పిల్లలు ఉన్నవాళ్లు ఓపికగా చివరిదాకా చదవండి. లేనివాళ్లు ఉన్నవాళ్లకు పంపండి.

పోయిన నూలు పున్నమికి మన సంఘం హాల్లో పన్నెండో తరగతి పాసైన పిల్లలకు సత్కారం చేశాం. శాలువా కప్పాం, ట్రోఫీ ఇచ్చాం, ఫోటోలు దిగాం. అందులో మా గల్లీ పిల్లకు బి.ఎస్సీ. నర్సింగ్‌లో సీటు వచ్చిందంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఏడెనిమిది నెలల తర్వాత ఆ పిల్ల తల్లి కూరగాయల బజారులో కనిపించింది. "అనాటమీ తప్పింది వదినా. వాళ్ల నాయన ఇగ సాలు అంటుండు. సంబంధాలు చూస్తుండ్రు" అంది. కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఈ సంగతి సంఘం గ్రూపులో పెడితే పెద్దలు చాలామంది ఒకటే మాట అన్నారు. "మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఇంగ్లిష్ రాదు. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు పెడదాం." మాట మంచిదే. కాని రోగం ఒకటైతే మందు ఇంకొకటి ఇస్తున్నాం. ఆ పిల్ల తప్పింది ఇంగ్లిష్ రాక కాదు. ఎలా చదవాలో ఎవరూ చెప్పక తప్పింది. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, అదే పేపరు నేనూ తప్పాను.

1984లో జి.ఎన్.ఎం.లో చేరాను. మా అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. సెలవుల్లో ఆకు కత్తిరించడం నా పని. హాస్టల్లో రాత్రి పన్నెండు దాకా పుస్తకం చదివేదాన్ని. ఒక పేజీ నాలుగుసార్లు, అయిదుసార్లు. పరీక్ష హాల్లో కూర్చుంటే పేజీ మొత్తం కళ్ల ముందు కనబడేది. బొమ్మ ఎడమ పక్కన ఉందని, కింద చిన్న పట్టిక ఉందని గుర్తొచ్చేది. బొమ్మలో ఏముందో మాత్రం గుర్తొచ్చేది కాదు. ఇంటికొచ్చి ఏడిస్తే మా నాయన అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేదు: "మగ్గం పక్కన కూసుంటే నేత వస్తదా బిడ్డా? చేయి పెట్టాలె." మళ్లీ రాసి పాసయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో పని చేసి రిటైరయ్యాను.

ముందు ఇంగ్లిష్ సంగతి తేల్చుకుందాం. అనాటమీ పుస్తకంలో పిల్లల్ని భయపెట్టే పదాలు చాలావరకు ఇంగ్లిష్ కానే కాదు. అవి లాటిన్, గ్రీకు. ఇంగ్లిష్ మీడియంలో చదివి వచ్చిన పిల్లకు కూడా స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అంటే నోరు తిరగదు. ఆ పేజీ ముందు అందరూ కొత్తవాళ్లే. ఆ పదాలు పెట్టినవాళ్లు మాత్రం మనలాంటి పనిపాటల మనుషుల్ని, ఇంట్లో సామాన్లనే చూసి పెట్టారు. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక క్లావికల్ అంటే చిన్న తాళంచెవి. మోకాలి చిప్ప పటెల్లా అంటే చిన్న పళ్లెం. మనం చిప్ప అన్నాం, వాళ్లు పళ్లెం అన్నారు, అంతే తేడా. ముంగాలి పెద్ద ఎముక టిబియా అంటే పిల్లనగ్రోవి. చెవి లోపలి కాక్లియా అంటే నత్త.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సార్టోరియస్. మన శరీరంలో అన్నిటికంటే పొడుగైన కండరం ఇదే. తుంటి ముందు కొన దగ్గర మొదలై, తొడ మీదుగా ఏటవాలుగా దిగి, మోకాలి లోపలి పక్కకు చేరుతుంది. లాటిన్‌లో సార్టర్ అంటే దర్జీ. దర్జీలు బాసింపట్టు వేసుకుని కూర్చుని కుట్టేవాళ్లు కాబట్టి, అలా కాళ్లు మడిచేటప్పుడు పని చేసే ఈ కండరానికి ఆ పేరు వచ్చిందంటారు. తుంటి దగ్గర కాలిని మడుస్తుంది, పక్కకు జరుపుతుంది, బయటికి తిప్పుతుంది. మోకాలిని కూడా మడుస్తుంది. పరీక్షలో అడిగే నాలుగు పనులూ ఇవే. షోలాపూర్‌లో బీడీలు చుట్టే ఏ తల్లి అయినా పొద్దున కూర్చునేటప్పుడు ఆ నాలుగు పనులూ ఒకేసారి చేస్తుంది. ఆ తల్లి బిడ్డ ఈ కండరం పేరు మరిచిపోయి మార్కులు పోగొట్టుకుందంటే నాకు కోపం వస్తుంది. పిల్ల మీద కాదు.

బజారులో ఆ మాట విన్న మర్నాడు పిల్లను మా ఇంటికి రమ్మన్నాను. పుస్తకం పట్టుకుని వచ్చింది. తెరిచి చూస్తే సగం పేజీలు పసుపు రంగే. ప్రతి లైను మీదా పెన్ను లాగింది. "ఎన్నిసార్లు చదివినవ్ బిడ్డా?" అంటే "నాలుగు సార్లు అత్తమ్మా" అంది. పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టుకుని, తెల్ల కాగితం ఇచ్చి, గుండె బొమ్మ వేసి రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో బాణాలు గీయమన్నాను. మూడు నిమిషాలు పెన్ను ఆనించింది, ఎత్తింది. తర్వాత కళ్లలో నీళ్లు. "చదివినప్పుడు అంతా తెలిసినట్టే ఉంటది అత్తమ్మా."

ఆ "తెలిసినట్టే ఉండటం" దగ్గరే మోసం ఉంది. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అన్నీ చుట్టాల్లా కనబడతాయి. దీన్ని పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు కాలేజీ పిల్లలకు చిన్న పాఠాలు ఇచ్చారు. పిల్లలు కొన్ని పాఠాలను రెండుసార్లు చదివారు. కొన్నిటిని ఒకసారే చదివి, పుస్తకం లేకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిందే ఎక్కువ గుర్తుంది: 81 శాతం, రాసింది 75. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివిన దాంట్లో 42 శాతం, మూసి రాసిన దాంట్లో 56. పరీక్ష అయిదు నిమిషాల తర్వాత ఉండదు కదా. రాత్రంతా చదివి పొద్దున పరీక్షకు పోయే పిల్ల యూనిట్ టెస్టు గట్టెక్కి, సెమిస్టర్ చివర ఎందుకు బోల్తా పడుతుందో ఆ నాలుగు అంకెల్లోనే ఉంది.

అందుకని మొదటి నెల ఆ పిల్లతో నేను చేయించిన పని ఒకటే. క్లాసు అయిన రోజు సాయంత్రం పుస్తకం తెరవక ముందే, ఆ రోజు చెప్పింది ఎంత గుర్తుందో తెల్ల కాగితం మీద బొమ్మతో సహా రాయాలి. ఇరవై నిమిషాలు. తర్వాతే పుస్తకం తెరిచి, తప్పినవి ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. మర్నాడు ఆ ఎర్రవి మాత్రం మళ్లీ. మూడో రోజు ఒకసారి, వారానికి ఒకసారి. చదివే టైం పెరగలేదు, తగ్గింది. మొదటి పది రోజులు మాత్రం పిల్లకు నరకం. ఖాళీ కాగితం చూస్తే సిగ్గేస్తుంది. ఆ సిగ్గుకు భయపడే అందరం మళ్లీ పుస్తకం తెరుస్తాం.

ఎముకలకు, నరాలకు చీటీలు కావాలి. బజారులో అట్టముక్కలు కొనొద్దన్నాను. మన ఇళ్లలో పెళ్లి పత్రికలకు ఏం కరువు? వెనక ఖాళీగా ఉన్నవి ఏరి కత్తిరిస్తే రెండు వందల చీటీలు అయ్యాయి. ఒక పక్క పేరు, ఇంకో పక్క అది ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది. పెద్దవాళ్లలో ఎముకలు 206. ఒక్క చేతిలోనే మణికట్టు నుంచి వేళ్ల కొనల దాకా 27. చీటీ తిప్పేముందు తన ఒంటి మీదే ఆ ఎముకను తాకాలని షరతు పెట్టాను. మెడ వెనక వేలు పెట్టి, తల వంచితే పైకి పొడుచుకొచ్చేది ఏడో మెడ వెన్నుపూస. నడుము మీద చేతులు పెట్టుకుంటే తగిలే గట్టు ఇలియాక్ క్రెస్ట్. కాలేజీలో అస్థిపంజరం దగ్గర నలభై మంది మూగుతారు, మన ఎముకలు మాత్రం బస్సులో కూడా మనతోనే వస్తాయి.

ఇక్కడ ఇంకో మాట. మొదటి అక్షరాలు కలిపి చేసే ఇంగ్లిష్ వాక్యాలు ఉన్నాయే, పన్నెండు కపాల నరాలకు ఒకటి, మణికట్టు ఎనిమిది ఎముకలకు ఒకటి, అవి వరస గుర్తుపెట్టుకోవడానికే పనికొస్తాయి. వాక్యం వచ్చి నరం రాని పిల్లల్ని చాలామందిని చూశాను. ప్రశ్న బ్యాంకులదీ అదే కథ. చివరి నెలలో మేలు, మొదటి నెలలో విషం.

ఫిజియాలజీ వేరే రకం. అనాటమీ అంటే ఎక్కడ ఏముంది అని. ఫిజియాలజీ అంటే ఒకటి జరిగితే తర్వాత ఏం జరుగుతుంది అని. దాన్ని చీటీలతో చదవలేం. కథలాగా నోటితో చెప్పాలి, అదీ తెలుగులో. ఆ పిల్లకు కిడ్నీ అసలు ఎక్కేది కాదు. ఇలా చెప్పాను. మన ఇంటి ముందు నీలం డ్రమ్ము ఉంది, 200 లీటర్లది. కిడ్నీలు రెండూ కలిసి రోజుకు 180 లీటర్లు వడకడతాయి. దాదాపు ఒక డ్రమ్ము. అంతా బయటికి పోతే మనిషి బతుకుతాడా? అందుకని దాదాపు అంతా వెనక్కి తీసుకుని లీటరున్నరో, కాస్త అటూ ఇటూగానో బయటికి పంపుతాయి. నల్లా రోజూ రాని మన ఊళ్లో మనం ఏం చేస్తాం? బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయం. ఒంట్లో నీళ్లు తగ్గితే మెదడు కింది పిట్యూటరీ నుంచి ఎ.డి.హెచ్. అనే హార్మోన్ వచ్చి కిడ్నీకి అదే చెప్తుంది: పారబోయకు. అందుకే ఎండాకాలం మూత్రం తక్కువగా, చిక్కగా, పచ్చగా వస్తుంది. నీళ్లు తాగాక హార్మోన్ తగ్గుతుంది, ట్యాంకు నిండగానే తేలే బంతి పైకొచ్చి నల్లా మూసినట్టు. దాన్నే పుస్తకంలో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అన్నారు. పిల్ల నవ్వి, "గింతేనా" అంది. గింతే కాదు, ఇంకా చాలా ఉంది. కాని తలుపు తెరుచుకుంది.

గుండె కోసం ఆదివారం మటన్ దుకాణానికి పంపాను. శాకాహారులు మన్నించాలి. "గుండెకాయ కోయకుండా సాబుతుగా ఇయ్యమను" అని మరీ మరీ చెప్పాను, లేకపోతే అతను అలవాటు కొద్దీ రెండు ముక్కలు చేసి ఇస్తాడు. మేక గుండెకూ మనలాగే నాలుగు గదులు. చేతులకు గ్లవ్స్, కింద స్టీలు పళ్లెం, కూరగాయల కత్తి. ముందు రెండు వైపులా వేళ్లతో నొక్కించాను. ఒక వైపు మెత్తగా, ఇంకో వైపు గట్టిగా ఉంది. "ఏది ఎడమ?" "గట్టిది. ఒళ్లంతటికీ తోలాలె గద." ఆ ఒక్క వాక్యం పరీక్షలో రెండు మార్కులు. కోసి విప్పాక లోపల తెల్లటి సన్న పోగులు వాల్వు రెక్కల నుంచి గోడ కండరాలకు బిగుతుగా లాగి కట్టినట్టు కనిపించాయి. "అత్తమ్మా, ఇవి దారాలే" అంది. నేత ఇంటి పిల్ల కదా. నొక్కుడుకు రెక్కలు వెనక్కి తిరగబడకుండా పట్టుకునే దారాలు. కార్డే టెండినే అనే మాట ఆ రోజు నుంచి మళ్లీ అడగాల్సిన పని పడలేదు. కొట్టుకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 సార్లు, గుణిస్తే అయిదు లీటర్లు. మూడు నిమిషాలకు మన పెద్ద బిందె నిండుతుంది.

అన్నిటికంటే బాగా పని చేసింది మాత్రం నేను అనుకోనిది. రోజూ సాయంత్రం చదివింది అమ్మకు తెలుగులో చెప్పమన్నాను. అమ్మ చేతులకు తీరిక లేదు, చెవులకు ఉంది. మొదట "నాకేం తెలుస్తది" అని కసిరింది. నాలుగో రోజు వెన్నుపూసల మధ్య డిస్కుల గురించి చెప్తుంటే ఆకు చుట్టడం ఆపి అడిగిందట: "అట్లయితే ముందుకు వంగి కూసుంటే నా నడుము ఎందుకు నొస్తది?" పిల్లకు తెలియలేదు. పుస్తకం తీసి వెతికింది, మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. వంగి కూర్చుంటే నడుము డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుందని, నిటారుగా ఉంచే వీపు కండరాలు పొద్దంతా లాగి పట్టుకోవాల్సి వస్తుందని తెలుసుకుని పోయి అమ్మకు చెప్పింది. నా ముప్పై ఏళ్లలో ఏ ఎగ్జామినరూ ఇంత మంచి వైవా ప్రశ్న అడగగా వినలేదు.

"తెలుగులో అర్థం చేసుకుంటే ఇంగ్లిష్‌లో ఎట్లా రాస్తుంది?" అని గ్రూపులో ఒక అన్న అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పేపరు ఇంగ్లిష్‌లోనే రాయాలి, వార్డులో కేస్ షీటూ ఇంగ్లిష్‌లోనే. నేను తెలుగు మీడియం నర్సింగ్ అడగడం లేదు. మన తాతలు బయల్దేరి వచ్చిన నిజాం రాజ్యంలో ఉస్మానియా యూనివర్సిటీ డాక్టరీని ఉర్దూలో చెప్పింది. 2022లో మధ్యప్రదేశ్‌లో ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడాది పుస్తకాలు హిందీలో తెచ్చారు. సర్కారు అనుకుంటే అవన్నీ అవుతాయి, మన సంఘం చేతిలో లేవు. నేనడిగేది చిన్నది. అర్థం తెలుగులో, పేరు పుస్తకంలో ఉన్నట్టే. చెప్పేటప్పుడు "ఎడమ వెంట్రికల్ గట్టిగా ఎందుకుంటది అంటే" అని మొదలుపెట్టాలి. వెంట్రికల్‌కు తెలుగు పేరు వెతకొద్దు. కథ పట్టుబడ్డాక దాన్ని అయిదు చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయడం వారం అలవాటు. ఆ పేపర్లో ఎవరూ కవిత్వం అడగరు. బొమ్మ, పేర్లు, వరస ఉంటే మార్కులు వస్తాయి.

తల్లిదండ్రులకు ఒక లెక్క చెప్పాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో మార్చిన సిలబస్‌లో ఈ రెండూ మొదటి సెమిస్టర్‌లోనే. అనాటమీకి 60 గంటలు, ఫిజియాలజీకి 60 గంటలు. రాత పరీక్ష ఒకటే పేపరు, 75 మార్కులు: అనాటమీకి 37, ఫిజియాలజీకి 38. ఇంటర్నల్ 25. ఊరు కొత్త, హాస్టల్ కొత్త, భాష కొత్త అయిన ఆ ఆరు నెలల్లోనే ఇదంతా. అప్పుడు ఒకసారి తప్పినంత మాత్రాన పిల్లకు చదువు రాదని తేల్చేయకండి.

దీన్ని ఇంత సాగదీసి రాయడానికి మార్కులు ఒక్కటే కారణం కాదు. పిరుదు మీద సూది వేసేటప్పుడు పై భాగంలో బయటి పక్కనే ఎందుకు వేయాలి? లోపలి పక్క, కింది పక్క సయాటిక్ నరం పోతుంది కాబట్టి. దానికి తగిలితే పాదం పైకి లేవకుండా వేలాడిపోవచ్చు. పొటాషియం క్లోరైడ్‌ను పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎందుకు ఎక్కించకూడదు? గుండె ఆగిపోతుంది కాబట్టి. రాత్రి రెండు గంటలకు వార్డులో ఒక్కతే ఉన్నప్పుడు పుస్తకం పక్కన ఉండదు. గైడు బట్టీ పట్టి పాసైన పిల్లలతో డ్యూటీలు చేశాను, చేతులు వణకడం చూశాను. రేపు ఆ మంచం మీద ఉండేది మనమే కావచ్చు.

ఇక సంఘానికి నా మాట. కోపం రావచ్చు, రానివ్వండి. శాలువాలకు, ట్రోఫీలకు, ఫ్లెక్సీలకు ఏటా పెట్టే ఖర్చులో కొంత తగ్గిద్దాం. ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం, ఒక గోడ బోర్డు, రెండు మంచి పుస్తకాలు కొందాం. పెళ్లిళ్లు లేని రోజుల్లో హాలు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఖాళీగానే ఉంటుంది, తాళం నాకివ్వండి. మన వాళ్లలో నర్సులున్నారు, ఫార్మసిస్టులున్నారు, ల్యాబుల్లో పని చేసేవాళ్లున్నారు. వారానికి ఒక్క సాయంత్రం వచ్చి, పాఠం చెప్పక్కర్లేదు, పిల్లలు చెప్తుంటే వింటే చాలు. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు కావాలంటే అదీ పెట్టండి, నేను అడ్డం రాను. కాని ముందు ఇది.

మా గల్లీ పిల్ల మళ్లీ పరీక్షకు ఫీజు కట్టింది. సంబంధాల మాట పరీక్ష అయ్యేదాకా ఎత్తనని వాళ్ల నాయన నాకు మాటిచ్చాడు. పాసవుతుందా అని అడగకండి, నాకూ భయంగానే ఉంది. ఎర్ర పెన్ను మాత్రం రోజురోజుకూ తక్కువ పడుతోంది.

హాలు సంగతి తేలేదాకా మా ఇల్లే. ఆదివారం సాయంత్రం నాలుగింటికి. ఈ వారం ఊపిరితిత్తులు. పుస్తకం తెచ్చుకున్నా సంచిలోనే ఉండాలి. తెల్ల కాగితాలు, ఒక ఎర్ర పెన్ను, ఇంట్లో ఉన్న పాత పెళ్లి పత్రికలు పట్టుకొని రండి. అమ్మల్ని కూడా తీసుకురండి, చాటతో సహా వచ్చినా చోటుంది.